గల్లీ రేడియోలో మౌనవ్రతం

తొలి ఏకాదశి వెళ్లిన మర్నాటి నుంచి సదాశివ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మనుషుల మాట వినబడడం లేదని పక్కింటి సుశీల అన్నదట. అన్నది కూరగాయల బండి మొగులయ్యతో. మొగులయ్య ఆ మాటను సైదాబాద్ నుంచి ఉస్మాన్‌గంజ్ దాకా భద్రంగా మోసుకుపోయి, ఎల్లిగడ్డ కొనేటప్పుడు సోమయ్య దుకాణంలో దించాడు. సోమయ్య జీలకర్ర బస్తా మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ, పొద్దున్నే అటు వచ్చిన సదాశివకే దాన్ని అప్పజెప్పాడు.

"ఊరికంత ముచ్చట్లు నువ్వు చెప్తవ్, నీ ఇంట్లనే ముచ్చట లేదంట గద పంతులూ! ఏంది కథ?"

"సుశీలకు పనేం లేదు, మొగులయ్యకు అంతకంటే లేదు," అని సదాశివ మెట్లెక్కాడు. గట్టిగానే అన్నాడు గానీ, పైదాకా పోయేసరికి ముఖం వాడిపోయింది.

సోమయ్యది మిరపకాయలు, మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణం. దాని మీది గదే గల్లీ రేడియో, చుట్టుపక్కల బస్తీలకు వినబడే చిన్న స్టేషన్. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు గోనెసంచులు కొట్టించారు. ఆ సంచుల్లో ఒకప్పుడు మిరపకాయలుండేవి. అందుకని ఏ అతిథి వచ్చినా ముందు తుమ్ముతాడు, తర్వాతే నమస్కారం పెడతాడు. సదాశివకు మాత్రం అలవాటైపోయింది. నయాపూల్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో ఆయన గుమాస్తా. ఆఫీసుకు పోయేముందు పొద్దున్నే ఇక్కడ అరగంట కూర్చుని 'పొద్దటి ముచ్చట' చెబుతాడు. వానలూ రోడ్లూ ఓట్లూ ధరలూ, ఇంట్లో చెడిపోయిన మిక్సీ, ఏదైనా సరే ఆయన నోట్లో పడితే జనం నవ్వాల్సిందే. కింద దుకాణంలో సోమయ్య నవ్వు నేలలోంచి పైకి వినబడితే ఆ పూట ముచ్చట పండినట్టు లెక్క.

పండేది ఎట్లాగో సదాశివకు ఒక్కడికే తెలుసు. వంటింటి గడప మీద కూర్చుని కాఫీ తాగుతుంటే, ఆయన భార్య గోదా పోపు పెడుతూ అనే మాటలవి. వాన పడ్డనాడు, "నల్లాల రాని నీళ్లన్ని రోడ్డు మీదనే ఉన్నయి. రోడ్డుకే ఒక టూటీ బిగించమనండి," అన్నది. ఫోన్లో చెప్తే క్షణంలో సరుకులు తెస్తారని పేపర్లో చదివి వినిపిస్తే, "కొత్తిమీర తెస్తరు సరే, మన గల్లీ దొరకబట్టేసరికి అది ఎండి ధనియాలైతది," అన్నది. ఎన్నికల మాటొస్తే, "ఓట్లప్పుడు 'అమ్మా' అంటరు, ఓట్లయినంక నీళ్లడిగితే 'ఏమ్మా' అంటరు," అన్నది. కాఫీ గ్లాసు కిందపెట్టేలోపు సదాశివకు ఆ పూట సరుకు దొరికేది. మొదట్లో "మా ఇంట్లో అన్నారు" అని చెప్పేవాడు. రాన్రాను ఆ ముక్క ఎక్కడో జారిపోయింది. జనం ఆయన బుర్రే బుర్ర అనుకున్నారు. ఆయన కాదనలేదు.

అంతా బాగానే నడిచింది, తొలి ఏకాదశి దాకా. గోదా తల్లి పోయిన చలికాలంలో చనిపోయింది. ప్రతి తొలి ఏకాదశికీ ఆ ముసలమ్మ తెల్లవారకముందే ఫోన్ చేసి, "ఇయ్యాల అన్నం ముట్టకు బిడ్డా" అని యాది చేసేది. మొన్నటి ఏకాదశినాడు గోదా పూజ ముగించుకొని వచ్చి, "తెలిసి తెలిసి ఫోన్ పక్కకు పెట్టుకొని కూసున్నండి," అన్నది. ఆమె ఇంకేం చెప్పలేదు, ఆయన ఇంకేం అడగలేదు. మర్నాడు పొద్దున ఆ మాటే మైకులో చెప్పాడు. గొంతు వణికించి మరీ చెప్పాడు. ఎంతమంది ఏడ్చారో! ఫోన్ మెసేజీలతో మోగిపోయింది. ఆ సాయంత్రం గోదా బీరకాయలు బేరం చేస్తుంటే మొగులయ్య తక్కెడ ఆపి, "మీ అమ్మ ఫోన్ ముచ్చట ఇన్న గోదమ్మా, బండికాడనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి," అన్నాడు. గోదా బీరకాయలు తీసుకొని లోపలికి వచ్చింది. ఆ రాత్రి నుంచి భర్తతో మాట్లాడలేదు. కాఫీ ఇస్తుంది, కంచం పెడుతుంది, అంగీకి గుండీ కుడుతుంది. మాట మాత్రం లేదు.

అదిగో, అప్పట్నుంచే ముచ్చట చప్పబడింది. కింద సోమయ్య నవ్వడం మానేశాడు.

సరిగ్గా సోమయ్య అట్లా అడిగిన పొద్దునే, మెట్లెక్కి గోనెసంచుల గదిలోకి అడుగు పెట్టాడో లేదో, ఫోన్ వచ్చింది. బంజారాహిల్స్‌లోని ఒక పెద్ద ఎఫ్‌ఎం స్టేషన్ నుంచి. ప్రోగ్రాములు చూసే శ్రవణ్‌కుమార్ అట.

"సదాశివ గారూ, మీ పాత ఎపిసోడ్లు అన్నీ విన్నా సర్! శ్రావణం నుంచి మాకో కొత్త స్లాట్ ఉంది. సిటీ మొత్తానికి. వాయిస్‌లు చాలా దొరుకుతాయి సర్, మాకు కావాల్సింది మీ కంటెంట్. ఓల్డ్ సిటీ ఇంట్లోంచి వేడివేడిగా వచ్చే మాట! ఈ వారమంతా మీ ప్రోగ్రాం వింటాం. బాగుంటే శ్రావణ శుక్రవారమే ఫైనల్."

సదాశివ గుండె ఎగిరి గంతేసింది. సిటీ మొత్తం! కూకట్‌పల్లిలో ఆటోవాళ్లు, ఉప్పల్‌లో టిఫిన్ సెంటర్లు, అన్నిచోట్లా తన గొంతు! వకీలు ఆఫీసు గుమాస్తాగిరీకి ఇక దండం. ఆ ఊపులోనే మైకు ముందు కూర్చున్నాడు. ఎర్ర లైటు వెలిగింది. అప్పుడు తెలిసింది, చెప్పడానికి చేతిలో ఏమీ లేదని.

పైపుల కోసం తవ్విన రోడ్డు గురించి ఎత్తుకున్నాడు. కింద చప్పుడు లేదు. టమాట ధర ఎత్తుకున్నాడు. కింద ఎవరో దగ్గారు. అక్కడ శ్రవణ్‌కుమార్ వింటున్నాడు. ఇక్కడ సుశీల మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. నాలుక దానంతట అదే కదిలింది.

"మా ఇంట్ల మాట లేదని గల్లీల అనుకుంటున్నరంట. అవును, లేదు. మా ఆవిడ తొలి ఏకాదశి వెళ్లినకాడికెల్లి మౌనవ్రతం పట్టింది. శ్రావణ శుక్రవారం దాంక నోరు విప్పదు!"

కింద సోమయ్య గట్టిగా "అరే వా!" అన్నాడు. సదాశివకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఆగలేదు. మాట్లాడని ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో, మూకుళ్ల చప్పుడును బట్టి కోపం ఎట్లా కనిపెట్టాలో చెప్పి చెప్పి అరగంటా దంచేశాడు.

వేరే ఇల్లయితే జనం నవ్వి ఊరుకునేవారు. సదాశివ వంశం తరతరాలుగా గుడి సేవలో ఉన్న వంశం. ఆయన అన్న ఇప్పటికీ గుళ్లో అర్చకుడే. ఆ ఇంటి కోడలు వ్రతం పట్టిందంటే ఎవరు నమ్మరు? సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. లోపల ఆడవాళ్లు, పసుపుకుంకాలు, కొబ్బరికాయలు, రవికె గుడ్డలు. మధ్యలో పీట మీద గోదా. భర్త వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు సదాశివ చెప్పులు విడవడం మరిచి మళ్లీ బయటికే నడిచాడు.

నోరు తెరిస్తే భర్త పరువు పోతుంది. తెరవకపోతే అబద్ధం నిజమవుతుంది. గోదా తెరవలేదు. వచ్చినవాళ్లకు బొట్టుపెట్టి పంపింది. తన కోసమే ఊరుకుందని సదాశివ మురిసిపోయాడు.

"మరి మొన్న బండికాడ బీరకాయలు చేదున్నయని మొగులయ్యతోని లొల్లి వెట్టుకున్నది గద గోదక్క?" అని సుశీలకే అనుమానమొచ్చింది.

"బేరం మాట లెక్కలకు రాదులే," అని ఎవరో పెద్దామె తీర్పు చెప్పింది. సుశీల వెంటనే ఒప్పుకుంది, ఎందుకంటే ఆ పెద్దామే ఇంకో మాట అన్నది: మౌనం విడిచాక వచ్చే తొలి మాట వట్టిగా పోదట, అయ్యి తీరుతుందట. అంతే! ఆ తొలి మాట ఎవరి మీద పడాలన్నది గల్లీ మొత్తానికి పట్టుకుంది. సుశీలకు కొడుకు వరుణ్ నౌకరీ కావాలి. సోమయ్యకు కొత్తగా వచ్చే మెట్రో మెట్లు సరిగ్గా తన దుకాణం ముందే దిగాలి.

"గోదమ్మకు జర నా పేరు చెప్పు పంతులూ. మిఠాయి పంపిస్త."

"లంచమా సోమయ్యా?"

"ప్రసాదమనుకోరాదు!"

శ్రవణ్‌కుమార్ అయితే రోజూ ఫోనే. "సర్, ఇది మామూలుగా లేదు సర్! శుక్రవారం మీ ఇంట్లోంచే లైవ్ చేద్దాం. మేడమ్ ఫస్ట్ వర్డ్ మా స్టేషన్‌లో రావాలి. అది వచ్చిందంటే స్లాట్ మీదే!"

గురువారం సాయంత్రం గోదా గుమ్మానికి మామిడాకులు గుచ్చుతోంది. సదాశివ పక్కన కూర్చున్నాడు.

"గోదా, రేపు ఒక్క మాట. 'శుభం' అను, చాలు. నా బతుకు మారిపోతది."

గోదా దారం పళ్లతో తెంపి ఆయన వైపు తిరిగింది. ఏదో అడుగుతాడని ఎదురు చూస్తున్నట్టు కూర్చుంది. అడగాల్సింది ఏమిటో ఆయనకు తెలుసు. ఏకాదశినాటి మాట గొంతు దాకా వచ్చింది కూడా. ఇంతలో శ్రవణ్‌కుమార్ ఫోన్ మోగింది. వైర్లు ఎక్కడ పెట్టాలని అడిగాడు. సదాశివ లేచి వరండాలోకి పోయాడు. తిరిగొచ్చేసరికి తోరణం గుమ్మానికి కట్టి ఉంది, గోదా లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున ఆమె గద్వాల చీర కట్టుకుంది. అది చూసి సదాశివకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఒప్పుకుందన్నమాటే! ఇల్లు కిక్కిరిసింది. వరండా నిండా, మెట్ల మీద, గోడ మీద కూడా జనం. సోమయ్య దుకాణం మూసి వచ్చాడు. బండిని గల్లీలో అడ్డంగా వదిలేసి మొగులయ్య వచ్చాడు. వెనక హారన్లు మోగుతుంటే "గిసొంటి దినం మల్లొస్తదా, ఆగున్రి!" అని ఆటోవాళ్లనే గదమాయించాడు. శ్రవణ్‌కుమార్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని వేలు పైకెత్తాడు.

సదాశివ మైకు అందుకున్నాడు. జన్మలో ఎన్నడూ అంత బాగా మాట్లాడలేదు. గల్లీ మలుపులో ఆగిన ఆటోల గురించి, కొబ్బరికాయల గుట్ట గురించి, తొలి మాట కోసం చెవులు రిక్కించిన చుట్టుపక్కల ఇళ్ల గురించి పందెం కోడిలా రెచ్చిపోయాడు. "ఇగో, వచ్చేసింది ఆ ఘడియ!" అని మైకు గోదా ముందు పెట్టాడు. ఎవరో పసిపిల్లవాడి నోరు కూడా మూశారు.

గోదా గొంతు సవరించుకుంది.

"చెప్పులు పైలం అమ్మా. ఇంత మందిల చెప్పులు మాయమైతె, రేపు ఆ పేరు నా మీదికే వస్తది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వరండా పగిలిపోయేటట్టు నవ్వారు.

"అయ్యో గోదక్కా! తొలి మాట చెప్పుల మీద వడ్డదా? మరి మా వరుణ్ నౌకరీ?" సుశీల మొత్తుకుంది.

"వాడు ఫోన్ పక్కకు వెట్టి చదివితె అదే వస్తది. ఇంకోటి, నేను వ్రతం గిరతం ఏం వట్టలే సుశీలా. కోపమొచ్చి ఊకున్న, గంతే. వ్రతమని చెప్పింది ఈయన."

సదాశివ ముఖం సున్నం కొట్టినట్టయింది. అయిపోయింది, స్లాట్ పోయింది, పరువూ పోయింది అనుకున్నాడు. కానీ ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

"గట్లయితె మా ఇంట్ల ఏడాది సంది వ్రతమే!" అన్నది సుశీల.

"ఈ కొబ్బరికాయలు మాత్రం ఎవరివి వాళ్లు పట్కపోండ్రి," అన్నది గోదా. "లేకుంటె రేపటికెల్లి మా ఇంట్ల చాయ్‌ల సుత కొబ్బరే వెయ్యాలె."

సోమయ్య పొట్ట పట్టుకొని గోడకు ఆనుకున్నాడు. శ్రవణ్‌కుమార్ హెడ్‌ఫోన్ మెడలోకి లాగి, ఆమెనూ ఈయననూ మార్చి మార్చి చూశాడు. తెలివైన మనిషి, ఏ నీళ్లు ఏ బావిలోవో పట్టేశాడు.

"సర్, నేను ఇన్నాళ్లూ విన్నది ఈవిడనే కదా! మేడమ్, స్లాట్ మీ ఇద్దరిదీ. మీరేం ప్రిపేర్ కావద్దు. ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో అదే రోజూ మైకు ముందు మాట్లాడండి. లైవ్‌లోనే అడుగుతున్నా, ఓకేనా?"

జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. సదాశివకు పోయిన ప్రాణం రెట్టింపై తిరిగొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకును రెండు చేతులతో పట్టుకొని అరిచినంత పని చేశాడు.

"ఓకే అంటే మామూలు ఓకేనా సార్! రేపటికెల్లే మొదలు వెడ్తం! మా ఇంట్ల ఏ మాటన్న సరే, ఎంత లోపలి మాటైన సరే, ముందుగాల మీరే వింటరు! చెప్పు గోదా, చెప్పు, ఊరంత వింటున్నది!"

గోదా మైకును పక్కకు జరపలేదు. ఎవరి వైపూ చూడలేదు, ఆయన వైపు తప్ప.

"నాకు ఊరంత వినుడు ఒద్దండి. నేను చెప్పిన మాట విని, తనకాడనే ఉంచుకునే మనిషి ఒక్కరు గావాలె. మీతోని ఐతదా?"