అందించిన మాటలు

అతను కూర గిన్నె వైపు చూస్తే చాలు, ఆమె చేతిలోకి గరిటె వచ్చేసేది. "నోరు తెరిచి అడగాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు, బంగారం మా ఆవిడ" అని చుట్టాల ముందు భర్త మురిసిపోయేవాడు. "మగాడితో అడిగించుకోవడం మనకే నామోషీ అమ్మా" అని అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలోనే నేర్పింది. ఎదుటివాళ్ల గొంతులో పుట్టకముందే మాటను పట్టేయడం ఆమెకు అలా అబ్బింది.

ఆ విద్యనే ఆసుపత్రికీ తీసుకెళ్లింది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం ఆమె ఉద్యోగం. వాళ్లు తడబడగానే జాలేసి, మిగతా మాట తనే అందించేది. అందరూ ఆమెను దేవత అనేవాళ్లు. నిన్న పెద్ద మేడమ్ మాత్రం తలుపు మూసి నెమ్మదిగా చెప్పింది. "మీ దగ్గర పేషంట్లు హాయిగా ఉంటారు. మాట్లాడరు, అంతే. మీరు మాట్లాడనిస్తేగా?"

ఆ మాట రాత్రంతా ముల్లులా గుచ్చింది. ఇన్నేళ్లూ దయ అనుకున్నది భయమా? ఎవరి మౌనమైనా సరే, కాస్త సాగితే తన మీద కోపంగా మారుతుందన్న భయమా?

ఈ రోజు కుట్టుపని చేసే ఆవిడ వంతు. మంచి ఎండ. ఆవిడ కళ్లలో పడుతోందని ఆయా అడక్కుండానే కర్టెన్ లాగి వెళ్లింది. పక్కన ఆవిడ భర్త, బిల్లుల సంచీతో.

"ఇక చాలండీ, ఆపేద్దాం. వంటకు చేతులుంటే చాలదూ?" అని నవ్వాడు. "నిజం చెప్పొద్దూ, ఈవిడ మాట పోయాక ఇల్లు ప్రశాంతంగా ఉంది."

ఆమె నవ్వలేదు. కుట్టుపని ఆవిడ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఆపేద్దామా?"

"నా... నా..."

"నాకిష్టమే అంటోందండీ."

నిన్నటిదాకా అయితే ఆమె కూడా "సరేనమ్మా" అనేసేది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను పంటిబిగువున ఆపుకుంది. లేచి నీళ్లిద్దామని చేతులు ఆరాటపడుతుంటే వాటిని తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చుంది. తన మాట పూర్తయ్యేదాకా ఇలా కాచుకుని కూర్చున్న మనిషి తన జీవితంలో ఒక్కరైనా ఉన్నారా అని జ్ఞాపకాల్లో వెతుక్కుంది. అమ్మ కూడా గుర్తుకు రాలేదు.

కుట్టుపని ఆవిడ మెడ నరాలు ఉబ్బాయి. పెదవి పక్కకు లాగేసింది.

"నా... కు... మా... ట... కావాలి."

భర్త ముఖంలో నవ్వు పోయింది. భార్య వైపు చూడకుండా ఆమెనే అడిగాడు. "ఏమంటోందండీ?"

"నన్నడుగుతారేం? ఆవిడ మీ పక్కనే ఉంది."

అతను అడగలేదు. సంచీ సర్దుకుంటూ లేచాడు. కుట్టుపని ఆవిడ మంచం పట్టీని గట్టిగా పట్టుకుని, ఎవరూ అందించకుండానే, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"నా..."