కలిపిన చేయి

డీజిల్ బళ్లు బాగుచేసే ఇంజెక్టరమ్మ పొద్దున్నే షెడ్డు తెరిచేసరికి ఆ రోజు కూడా గేటు ముందు రెండు కార్లు తోసుకొచ్చి పెట్టి ఉన్నాయి. వారంలో తొమ్మిదోదీ, పదోదీ. టీ గ్లాసు పక్కనపెట్టి, ఒకదాని ఫిల్టరు విప్పి, అందులోని డీజిల్‌ని రెండు వేళ్ల మధ్య రుద్ది చూసింది. జిడ్డు లేదు.

"కిరోసినే," అని గొణుక్కుంది.

డీజిల్ ఇంజనుకి తిండి మాత్రమే కాదు. పంపులో వెంట్రుకంత సందున తిరిగే ముక్కలు ఒరుసుకోకుండా కాపాడేది కూడా దాని జిడ్డే. అది తగ్గితే ఇనుము ఇనుమునే కొరుక్కుతింటుంది. రాలిన ఇనప రజను పోయి ఇంజెక్టర్ల సన్నటి బెజ్జాల్లో ఇరుక్కుంటుంది. ఇక బండి కదలమన్నా కదలదు.

ఊళ్లో టాక్సీ నడిపే అతని కారు అలాగే మూడు రోజులుగా షెడ్డులో పడుంది. వాళ్లమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్తుంటే వంతెన మీద ఆగిపోయింది. వేరే బండి దొరికేసరికి రెండు గంటలు పట్టింది. ఆవిడ చావు తప్పి బయటపడింది గానీ ఇంకా మంచం దిగలేదు. అతను ఆసుపత్రికీ షెడ్డుకీ మధ్య కాళ్లరిగేలా తిరుగుతున్నాడు.

"అక్కా, ఇవాళైనా స్టార్టవుతుందా?"

"కొత్త పంపు వచ్చింది. సాయంత్రానికి చూద్దాం."

"ఒక్కసారి స్టార్టయితే చాలు. పొగ ఎటు పోతుందో చూస్తా."

ఆ ఊళ్లో కల్తీ డీజిల్ పొగ గాల్లో కలిసిపోదు. కలిపిన చేతిని వెతుక్కుంటూ వెళ్లి దానికే చుట్టుకుంటుంది. వెనకోసారి గోడౌను గుమాస్తాకి అలా చుట్టుకుంటే, పాపం ఆర్నెల్లు నల్లబడ్డ చేతికి గుడ్డసంచీ తొడుక్కుని తిరిగాడు. పొగ వీధిలోంచి వెళ్తుంటే జనం ఆరేసిన బట్టలు తీసుకునేవాళ్లు, అంతే. ఈసారి మాత్రం ఒక్క ఇంజనూ స్టార్టవక పొగే రాలేదు. బళ్లన్నీ ఒకే బంకులో పోయించుకున్నవి కాబట్టి తప్పు బంకు నడిపే పెద్దాయనదేనని తేల్చేశారు.

మధ్యాహ్నం పెద్దాయన నుదుటికి కట్టుతో వచ్చాడు. ఎవరో రాయి విసిరారట.

"నేనేం కలపలేదమ్మా. ఒక్క బండి స్టార్ట్ చేసి చూపించు. లేకపోతే నన్ను బతకనిచ్చేలా లేరు."

"సరే బాబాయ్. నాలుగింటికి రా."

ఆయన వెళ్లాక వెనక ఇంట్లోంచి తమ్ముడు వచ్చాడు. ఐదేళ్లప్పటినుంచీ ఆమె చేతుల మీద పెరిగినవాడు. ట్యాంకరు నడుపుతాడు. డిపో నుంచి ఆ బంకుకి డీజిల్ తెచ్చేది వాడే.

"అక్కా, ఆ టాక్సీ స్టార్ట్ చెయ్యకు."

ఆమె చేతిలోని ఇంజెక్టరుని తుడుస్తూనే ఉంది. తుడిచిందే తుడుస్తోంది.

"ఎంత కలిపావురా?"

"దార్లో నాలుగు డ్రమ్ముల డీజిల్ దించి అమ్మేసి, ఆ మేరకి కిరోసిన్ పోశా. మూడు ట్రిప్పులు. ఎవరికీ తెలీదనుకున్నా."

"ఇంజన్లకి తెలీదా?"

"సాయంత్రం బస్సుకి వెళ్లిపోతా. అప్పటిదాకా ఆపు."

వాడటు వెళ్లగానే ఆమె షెడ్డు తలుపు వేసుకుంది. పొగ సాక్ష్యం చెప్పేదాకా కల్తీ డీజిల్ తోడని ఆమె, ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. టాక్సీకి కొత్త పంపు బిగించి, ట్యాంకులోది హడావుడిగా తోడేసి, తన దగ్గరున్న మంచి డీజిల్ పోసింది. అడుగున కాస్త మిగిలిందని తెలుసు. ఆ కాస్తకి పొగేం వస్తుందిలే అని మనసుకి సర్దిచెప్పుకుంది.

నాలుగింటికి షెడ్డు ముందు జనం మూగారు. ఆమె కార్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. వెనక గొట్టంలోంచి దారమంత పొగ బయటికొచ్చింది. అందరి తలలూ బంకువైపు తిరిగాయి. పొగ మాత్రం కారు కిందనుంచి వచ్చి, తెరిచిన తలుపులోంచి పైకి పాకి, ఇంజెక్టరమ్మ కుడిచేతికి చుట్టుకుంది.

చెడ్డదాని మీద మంచిది పొయ్యడం కూడా కలపడమేనని ఆమెకి అప్పుడు వెలిగింది.

"అక్కా... నువ్వా?" అన్నాడు టాక్సీ అతను.

ఆమె తన చేతిని చూసుకుంది. బస్సు వచ్చే వేళయింది.

"నేనే," అంది.

గోడ పక్కన బ్యాగు భుజాన వేసుకుని నిలబడ్డ తమ్ముడు ఆ మాట విన్నాడు. ఒక అడుగు రోడ్డువైపు వేశాడు. అంతలోనే బ్యాగు కింద పడేసి, జనాన్ని తోసుకుంటూ వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. పొగ ఆమె వేళ్లని ఒక్కొక్కటే వదిలి వాడి మోచేతిదాకా ఎక్కింది.

"అక్క అబద్ధమాడుతోంది. కలిపింది నేను."

ఎవరో కొట్టడానికి చెయ్యెత్తారు. బంకు పెద్దాయన అడ్డం వచ్చాడు. టాక్సీ అతను కారు తలుపు తీశాడు.

"ఎక్కు. ముందు మా అమ్మ దగ్గరికి. స్టేషను తర్వాత."

ఆసుపత్రిలో ముసలావిడ కళ్లు తెరిచి, మంచం పక్కన నిలబడ్డవాడి నల్లటి చేతిని చూసి నవ్వింది.

"మా బండి బాగుచేసింది నువ్వేనా బాబూ?"

వాడు ఆ చేతిని వెనక దాచుకోబోయి, ఆగిపోయాడు.

"కాదమ్మా," అన్నాడు. "పాడుచేసింది నేను."