సొన మీద దారులు

గుడ్లు పొదిగే పెట్టెలో నీళ్ల పళ్లెం నిండుగానే ఉంది. అయినా ముసలి అటెండరు మళ్లీ తలుపు తెరిచాడు. వేలితో తడి తాకి, మూసి, రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు.

"బాబాయ్, అస్తమానం తెరిస్తే లోపలి వేడంతా మీకే సరిపోతుంది. పిల్లలకేం మిగులుతుంది?" అంది పరిశోధకురాలు, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే.

"చెయ్యి ఊరుకోవట్లేదమ్మా."

ఆ గుడ్లు విటమిన్ ఎ లేని మేత తిన్న కౌజు పిట్టలవి. వాటిలో పిండానికి గుండె మొదలవుతుంది గానీ, దాన్ని సొనతో కలిపే రక్తనాళాలు ఏర్పడవు. ఆ విటమిన్ నుంచి తయారైన ఆమ్లం వేళకు ఒక్క చుక్క పడితే నాళాలు అల్లుకుంటాయి. వెలుతురు తగిలితే మాత్రం ఆ మందు పాడైపోతుంది. అందుకే గదిలో మసక పసుపు దీపం, సీసాకు రేకు. లోపలికి రావాలంటే వరండా దీపం ఆర్పి తలుపు తట్టాలి. నిన్న ఆమె చుక్కలు వేస్తుండగా, టీ చల్లారిపోతుందన్న కంగారులో ఆయన తట్టకుండానే తోసుకొచ్చాడు. తెల్లటి వెలుగు సీసా మీద పడింది. ఆమె అరచేత్తో కప్పేసి, తర్వాతి గుడ్డు అందుకుంది. తిట్టినా బాగుండేది. ఈ గుడ్లు పోతే ఆమె ఏడాది పని పోయినట్టే.

ఇవాళ వస్తూ ఆయన ఇంటి నుంచి పాత కళ్లజోడు పెట్టె తెచ్చాడు. రేకు చుట్టిన సీసా అందులో ఒద్దికగా ఇమిడింది. మూత టక్కున పడింది.

"పిన్నిగారిదా?"

"ఆవిడకీ ఎండ పడేది కాదులే."

ఎడమ భుజం పొద్దున్నుంచీ పీకుతూనే ఉంది. మెట్లెక్కిన అలసట అనుకున్నాడు. గచ్చు తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు.

సాయంత్రం ఆమె మొదటి గుడ్డు తీసింది. ఆయన దగ్గరికి రాలేదు, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"బాబాయ్, దారి పడింది!"

అప్పుడొచ్చి కంటిని అద్దానికి ఆనించాడు. పచ్చటి సొన మీద సన్నటి ఎర్ర దారాలు గుండె దాకా పాకి ఉన్నాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వాటిలో రక్తం చిన్నగా కదులుతోంది.

"హమ్మయ్య... టీ తేనా?"

"తెండి. ఈసారి తట్టి రండి మహానుభావా!"

నవ్వుతూ, ఒక్క క్షణం ఆగి వెళ్దామని గుడ్ల పెట్టె పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఒక్కో గుడ్డే చూసుకుంటూ పోయింది. ఎర్ర దారాలు, మళ్లీ ఎర్ర దారాలు. చివరికి, "టీ ఏదండీ?" అంటూ తిరిగింది.

ఆయన తల వెచ్చటి పెట్టెకు ఆని ఉంది. పొద్దున్నుంచీ ఊరుకోని చెయ్యి మోకాలి మీద ఊరుకుంది.

ఆయనను తీసుకెళ్లాక గది తలుపు బార్లా తెరిచే ఉండిపోయింది. వరండా దీపం వెలుగు బల్ల మీద తెల్లగా పరుచుకుంది. కళ్లజోడు పెట్టె మూత మాత్రం గట్టిగా మూసి ఉంది.