రెండో మలుపు దగ్గర నవ్వు

పొద్దున్నే నలభై సీట్ల మీది మంచు తడి తుడవడంతో నా రోజు మొదలవుతుంది. తర్వాత లైఫ్ జాకెట్ల పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూడాలి. రాత్రి కరెంటు కోసం డ్యాం వాళ్లు నీళ్లు వదిలితే జలాశయం రెండు జానలు దిగి ఉంటుంది. దానికి తగ్గట్టు, ఒడ్డు నుంచి పడవ మీదికి వేసిన చెక్కబల్లని జరపాలి. శాండ్‌విచ్‌లకి రొట్టె కొయ్యాలి. ఇవన్నీ అయ్యేసరికి నా భర్త మార్సియల్ కెప్టెన్ టోపీ సర్దుకుంటూ వస్తాడు. పడవ నడిపే లైసెన్సు నాది. ఆ పరీక్ష అతను రెండుసార్లు తప్పాడు. అయినా ఈ ఆల్ప్స్ కొండల్లోకి విహారానికి లియోన్ నుంచీ గ్రెనోబుల్ నుంచీ వచ్చేవాళ్లు “కెప్టెన్‌తో ఒక్క ఫొటో” అంటూ అతని పక్కన నిలబడతారు. తియ్యమని కెమెరా నా చేతికిస్తారు.

“మావాడి నోరు చూసి జనం వస్తారమ్మాయ్. స్టీరింగ్‌దేముంది, ఎవరైనా తిప్పుతారు” అనేది అతని తల్లి.

అతను చెడ్డవాడు కాదు. సాయంత్రం నా మోకాళ్లకి తైలం రాస్తాడు. రాసేముందు చేతులు జేబుల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుంటాడు. అలాంటి మనిషిని ఏమని తప్పుపట్టను? ఇన్నేళ్లూ అందుకే ఊరుకున్నానేమో.

నేను పుట్టిన ఊరు ఈ నీళ్ల అడుగున ఉంది. రెండో మలుపు దాటి సరిగ్గా దాని మీదికి రాగానే నేను ఇంజను వేగం తగ్గించాలి. మైకులో అతని మాట బాగా వినపడాలి, ఆ తర్వాత వచ్చే నవ్వు కూడా.

“ఊరంతా ఖాళీ అయినా మా అత్తగారు ఒక్కతే కుర్చీ వేసుకుని కూర్చుందండీ. నీళ్లొస్తున్నాయమ్మా అంటే, రానీ అంది. ఇద్దరు పోలీసులు కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఇంత పెద్ద నదిని ఆపిన డ్యాం కదా, మా అత్తగారి నోరు మాత్రం ఆపలేకపోయింది.”

రోజుకి నాలుగు ట్రిప్పులు. పంతొమ్మిది వేసవులు.

మా అమ్మ కుర్చీ సంగతి అతనికి చెప్పింది నేనే, పెళ్లయిన కొత్తలో, అతని భుజం మీద తల పెట్టుకుని. ఊరిని ముంచే ముందు సమాధులన్నీ పైకొండకి తరలించారు. నా తమ్ముడు ఊపిరి లేకుండా పుట్టాడు. జ్ఞానస్నానం లేని బిడ్డకి శ్మశానం గోడ లోపల చోటు లేదన్నారు, గోడ బయట పాతిపెట్టారు. తరలించే జాబితాలో గోడ లోపలివాళ్లే ఉన్నారు. అమ్మ వెళ్లి అడిగితే గుమాస్తా కాగితాలు తిరగేసి “అక్కడ ఎవరూ లేరమ్మా” అన్నాడట. అప్పుడే వంటింటి కుర్చీ మోసుకెళ్లి ఆ గోడ పక్కన వేసుకుంది. మూడు రోజులు కదల్లేదు. పదకొండేళ్లదాన్ని, నేనే సూపు పట్టుకెళ్లేదాన్ని. మార్సియల్ కళ్లు తుడుచుకుంటూ విన్నాడు. మరుసటి వేసవికి మైకులో చెప్పే కథలో కుర్చీని ఉంచుకుని బిడ్డని తీసేశాడు.

ఈ మార్చిలో అమ్మ పోయింది. సీజను మొదలయ్యే ముందు అడిగాను, ఈ ఏడాది ఆ ముక్క వదిలెయ్యమని. “పోయినామెకి ఏం తెలుస్తుంది సోలాంజ్? అది తీసేస్తే అక్కడేం చెప్పను, చేపల గురించా?” అన్నాడు.

నిన్న మధ్యాహ్నం ట్రిప్పులోనూ అదే చెప్పాడు, అందరూ నవ్వారు. ముందు వరసలో, ఒడిలో ఆప్రికాట్ల సంచితో ఒంటరిగా కూర్చున్న ముసలావిడ మాత్రం నవ్వలేదు. “ఇంతకీ ఆమె ఎందుకు కదల్లేదు?” అని అడిగింది. పంతొమ్మిదేళ్లలో ఎవరూ అడగలేదు.

“అత్తగారండీ, కారణం కూడా కావాలా?” అన్నాడతను. మళ్లీ నవ్వులు.

ఇంజను పూర్తిగా ఆపేశాను.

“కారణం ఉంది” అన్నాను. మైకు లేకుండానే చెప్పాను. రెండు వరసల దాకా వినపడి ఉంటుంది. వెనకెవరో “పడవ పాడైందా?” అంటున్నారు. ఒక పాప ఐస్‌క్రీం అడుగుతోంది. నేను చెప్పడం అయ్యాక ముసలావిడ సంచిలో వెతికి, మెత్తగా పండిన పండొకటి ఏరి నా చేతిలో పెట్టింది. మార్సియల్ మైకు మీద వేలితో తట్టి “సరే, ఇక కుడివైపు చూస్తే ఆనకట్ట...” అన్నాడు. అందరూ కుడివైపు తిరిగారు.

సాయంత్రం ఒడ్డున నేను పడవకి తాడు కడుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఇవాళేదో అయిపోయింది, పోనీలే. రేపు మామూలేగా?”

“రేపటి నుంచి పడవ రెండో మలుపు దాటదు. ముందే వెనక్కి తిప్పేస్తాను.”

“ఎవర్నడిగి?”

“నడిపేది నేనే కదా.”

అతను నవ్వాడు. నేను కూడా నవ్వుతానని చాలాసేపు నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.