పాసమ్ అన్న పేరు

మూడో డ్రయ్యరు తలుపు తెరవగానే ఎల్వుడ్ ప్రూయిట్ ముఖానికి వేడిగాలి కొట్టింది. అతను కళ్లు మూసుకుని ఆ వేడిలో ఒక్క క్షణం నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా, అమెరికన్ ఫుట్‌బాల్ కాలంలో ప్రతి సోమవారం ఉదయం అతను చేసే మొదటి పని ఇదే. తరువాత మోచేతుల దాకా చేతులు లోపలికి పోనిచ్చి, ఆదివారం ఆటలో నలిగిన జెర్సీలను ఒక్కొక్కటే బయటికి తీశాడు. బురద పోయింది. గడ్డి మరకలు పోలేదు. నలభై నాలుగో నంబరు భుజం దగ్గర జానెడు మేర చిరిగింది. దాన్ని కుట్టుకోసం పక్కన పెట్టాడు.

స్టేడియం మెట్ల కింద, నేలమాళిగలో ఉంది ఆ గది. ఒకటే కిటికీ, కప్పుకు ఆనుకుని. బయటి నేల ఆ కిటికీ అంచుతో సమానం కాబట్టి అందులోంచి దారిన పోయేవాళ్ల బూట్లు మాత్రమే కనబడతాయి. ఇవాళ అవీ లేవు. ఎరీ సరస్సు మీదినుంచి వచ్చిన మంచు అద్దాన్ని సగం దాకా కప్పేసింది. మిగిలిన సగంలోంచి పలచని పాలలాంటి వెలుతురు దిగి, కొక్కేలకు వేలాడుతున్న భుజకవచాల మీద, వరసగా బోర్లించిన హెల్మెట్ల మీద పడుతోంది.

ఎల్వుడ్‌కు అరవై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. సబ్బునీళ్లలో నాని నాని అతని నల్లటి వేళ్ల చివర్లు ముడుచుకుపోయాయి. ఎడమ చెవి పైఅంచు లేదు. దక్షిణాదిన మిసిసిపీలో పదేళ్ల వయసులో ఒక కంచరగాడిద కొరికేసింది. ఎవరైనా అడిగితే, "తప్పు నాదే. దాన్ని వేరేదాని పేరు పెట్టి పిలిచాను" అంటాడు.

గది అవతలి మూల కుట్టుమిషను దగ్గర డొలోరెస్ వోయ్‌చిక్ కోటు విప్పుతోంది. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరిదీ ఒకే గది.

"మళ్లీ డ్రయ్యరుతో సరసాలా, ముసలాడా?"

"నీ మొగుడికంటే వెచ్చగా ఉంటుందమ్మా."

"నా మొగుడు పోయి నాలుగేళ్లయింది."

"నేనూ అదే అంటున్నా."

ఆమె పకపకా నవ్వి చిరిగిన జెర్సీ లాక్కుంది. ఎల్వుడ్ కూడా నవ్వబోయాడు గాని, ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయి ఆగాడు. పొద్దున బస్సు దిగి వచ్చేటప్పుడూ ఇలాగే అయింది. అందుకే పైన వంటగదికి వెళ్లి బన్ను, కాఫీ తెచ్చుకోలేదు. మెట్లు ఎక్కబుద్ధి కాలేదు. ఆ సంగతి డొలోరెస్‌కు చెప్పలేదు.

గదికి ఆనుకునే ఆటగాళ్ల అల్మరాలు. ఒక్కో అల్మరా పైన తెల్లటి టేపు మీద ఆటగాడి ఇంటిపేరు ఉంటుంది. దాని కింద మరో చిన్న టేపు ముక్క ఉంటుంది. ఆ ముక్క మీద రాసేది ఎల్వుడ్. కొంగ. పొట్టేలు. కంచరగాడిద. ఉడుత. రాయమని అతన్ని ఎవరూ అడగలేదు. ఎవరూ వద్దనలేదు కూడా. గురువారం రాసిన పేరు ఆదివారానికి యాభై వేల గొంతుల్లో మోగేది. పత్రికల్లో ఆ పేరు పెట్టింది ఫలానా విలేకరి అని పడేది. ఎల్వుడ్ ఆ కాగితాన్నే తడి బూట్లలో కుక్కి ఆరబెట్టేవాడు.

మనుషులు స్నానం చేసి, తడి నేల మీద వట్టి కాళ్లతో నడిచి వస్తుంటే చూసేవాడు. బూట్లు తొడిగితే అందరి నడకా ఒకటే అంటాడు. వట్టి కాళ్ల మీద మాత్రం ప్రతివాడి లోపల ఉన్న జంతువు బయటికి వచ్చి నాలుగడుగులు వేసి పోతుంది. అప్పుడతనికి తండ్రి పొలం కనిపించేది. మంచులో తడిసిన మొక్కజొన్న చేను, కంచె దగ్గర ఒంటికాలి మీద నిలబడిన కొంగ, కొట్టం చీకట్లో ఊపిరి వదులుతున్న పశువులు. ఉత్తరాదికి వచ్చి నలభై ఏళ్లయినా అవి అతన్ని వదలలేదు. ఈ గదిలోకి ఒక్కొక్కటే వచ్చి, ఒక్కో మనిషి పక్కన నిలబడేవి.

తొమ్మిదింటికి ఓడెగార్డ్ వచ్చాడు. ఈ ఏడే జట్టులో చేరిన మిన్నెసోటా కుర్రాడు. తలుపు చట్రం నిండా ఉంటాడు.

"మిస్టర్ ఎల్వుడ్, నాకింకా పేరు పెట్టరా? అందరూ ఆటపట్టిస్తున్నారు."

"తొందరెందుకు? పేరు పెట్టాక మళ్లీ తీయడం కుదరదు."

"ఎలుగుబంటి అని రాసేయండి. పోతుంది."

"ఎలుగుబంటిని చూశావా ఎప్పుడైనా?"

"బొమ్మల్లో."

"నేనూ బొమ్మల్లోనే చూశా. చూడనిదాని పేరు నేను రాయను. పో, కాలికి ఐసు పెట్టుకో."

కుర్రాడు వెళ్లాక ఎల్వుడ్ డ్రయ్యరు పక్కన ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పేరు పెట్టాక మళ్లీ తీయడం కుదరదు. ఆ మాట అనగానే ఎప్పటిలాగే రోలండ్ టిగ్స్ గుర్తొచ్చాడు.

పదహారేళ్ల కిందటి సంగతి. అలబామానుంచి వచ్చిన సన్నటి కుర్రాడు రోలండ్. అతని అల్మరా మీద ఎల్వుడ్ 'పాసమ్' అని రాశాడు. పాసమ్ దక్షిణాది పొలాల్లో తిరిగే చిన్న జంతువు. భయపడితే చచ్చినట్టు పడిపోతుంది. ఎల్వుడ్ అది తలచి రాయలేదు. కాని జనానికి తట్టింది అదే. ఎవరు గుద్దినా రోలండ్ కింద పడితే చాలు, స్టేడియమంతా ఈలలు. దెబ్బ తగలకపోయినా తగిలినట్టు నటించేవాడని పత్రికలు రాశాయి. మూడో ఏడు అతని మోకాలు నిజంగానే విరిగింది. అతను గడ్డి మీద పడి అరుస్తుంటే జనం నవ్వారట. ఎల్వుడ్ చూసింది ఒక్కటే. ఆ సాయంత్రం ఈ కిటికీలోంచి ఒక బూటు, రెండు చంక కర్రల కొనలు దాటిపోయాయి. రోలండ్ మళ్లీ జట్టులోకి రాలేదు.

పదకొండు కావస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక కాలు మామూలుగా పడుతోంది. రెండోది వంగకుండా పక్కనుంచి తిరిగి వచ్చి ఆనుతోంది. ఎల్వుడ్ తల ఎత్తకుండానే విన్నాడు.

"రొట్టెల బండివాణ్నండి," అంది గొంతు. "పైన వంటావిడ ఈ బన్ను మీకిమ్మంది. పొద్దున మీరు పైకి రాలేదంట."

"లోపలికి రా, రోలండ్."

ఆ మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒళ్లు వచ్చింది. జుట్టు పలచబడింది. "ముఖమైనా చూడకుండా ఎలా కనిపెట్టారు?"

"ఒక కాలు తప్పిస్తే నడక అదే."

"ఓరి దేవుడా, రోలండ్ టిగ్స్!" డొలోరెస్ మిషను ఆపింది. "మూడు వారాలుగా పైకి రొట్టెలు తెస్తున్న కొత్తవాడివి నువ్వేనా? కిందికి దిగి ఒక్క పలకరింపు లేదు!"

"దిగబుద్ధి కాలేదు, మిస్ డొలోరెస్." అతను బన్ను బల్ల మీద పెట్టి, అల్మరాల వైపు ఓసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

ఎల్వుడ్ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకున్నాడు. "కూర్చో నాయనా. నీకో మాట చెప్పాలి. పదహారేళ్లుగా గొంతులో అడ్డుపడి ఉంది. నీకు ఆ పేరు పెట్టింది పత్రికలవాళ్లు కాదు. నేను."

రోలండ్ బోర్లించిన పెట్టె మీద కూర్చోబోతూ ఆగాడు. డ్రయ్యర్లు తిరుగుతున్నాయి.

"అయితే చూసింది మీరన్నమాట," అన్నాడు చివరికి.

"ఏం చూశాను?"

"ఇంకా దాస్తారెందుకు, మిస్టర్ ఎల్వుడ్? నేను పడిపోవడం." అతను కూర్చుని కుంటికాలు ముందుకు చాపాడు. "వచ్చిన కొత్తలో, రెండో ఆట. ఆట ఆపమనడానికి మాకున్న టైమౌట్లు అయిపోయాయి. గడియారం ఆగాలంటే ఎవడో ఒకడికి దెబ్బ తగలాలి. కోచ్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడంటే అదే సైగ. కొత్తవాణ్ని కదా, నన్ను పడమన్నారు. పడ్డా. మోకాలు పట్టుకుని కేకలు కూడా పెట్టా. మా అమ్మ టీవీలో చూసి, చర్చిలో అందరిచేతా నాకోసం ప్రార్థన చేయించింది. ఆ గురువారం వచ్చి చూస్తే నా అల్మరా మీద 'పాసమ్'!"

"అయ్యో!" అన్నాడు ఎల్వుడ్.

"ఎవడో కనిపెట్టేశాడనుకున్నా. మూడేళ్లు ఒక్కొక్కడి కళ్లలోకీ చూశా, వీడా, వాడా అని. మోకాలు నిజంగా పోయినరోజు జనం నవ్వుతుంటే, నవ్వనీ, నాకు కావలసిందే అనుకున్నా. మా ఆవిడకు కూడా చెప్పలేదీ మాట."

ఎల్వుడ్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "నువ్వు పడడం నేను చూడలేదు నాయనా. ఏ ఆటా చూడను. వాళ్లు పైన ఆడుతుంటే నేనిక్కడ తువ్వాళ్లు మడతపెడుతుంటా. డొలోరెస్‌ని అడుగు."

"నిజమే," అంది డొలోరెస్. "ఆయనకు టచ్‌డౌనుకు ఎన్ని పాయింట్లో కూడా తెలియదు."

"తెలుసు. ఆరు."

"మరి ఎందుకు పెట్టారు?" రోలండ్ గొంతు పిల్లవాడి గొంతులా అయింది.

"నిద్రపోయావు కాబట్టి."

"ఏమిటీ?"

"వచ్చిన మొదటి వారం. ఇంటిమీద బెంగతో, చలికి తట్టుకోలేక, ప్రాక్టీసు కాగానే ఇదిగో, ఈ మూడో డ్రయ్యరు వెనక దూరేవాడివి. మోకాళ్లు గడ్డానికి ఆనించి, ఉండలా చుట్టుకుని పడుకునేవాడివి. మా చిన్నప్పుడు పత్తి బుట్టలో ఒక పాసమ్ అచ్చం అలాగే పడుకుంది. మేం కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాం. మా అమ్మ అడ్డం నిలబడింది. 'లేపకండిరా, ఎంత దూరం తిరిగి వచ్చిందో పాపం' అంది. నిన్ను చూస్తే ఆ మాటే గుర్తొచ్చింది. అంతే. ఇంకేం లేదు."

ముందు రోలండ్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది డొలోరెస్. కాని నవ్వు. కళ్లవెంట నీళ్లు కారేదాకా, కుంటికాలు చరుచుకుంటూ నవ్వాడు. "నిద్రకా! దేవుడా, ఉత్త నిద్రకా!" ఎల్వుడ్ కూడా నవ్వాడు. ఈసారి ఛాతీలో ఏమీ అడ్డం రాలేదు.

"నీ పొట్ట కొట్టానయ్యా నేను," అన్నాడు తరువాత, మెల్లగా.

"జనం కొట్టారు. నేను కొట్టుకున్నా. మీరు పడుకోబెట్టారు." రోలండ్ లేచి మణికట్టుతో కళ్లు తుడుచుకున్నాడు. "పైన ఇంకా కొన్ని ట్రేలు దించాలి. ఉండండి, దించేసి వస్తా. కాఫీ తాగుదాం. ఇవాళ ఇంటికెళ్లి మా ఆవిడకు మొత్తం చెప్తా."

అడుగులు పైకి వెళ్లాయి. ఒకటి మామూలుగా, ఒకటి చుట్టూ తిరిగి. ఎల్వుడ్ వింటూ కుర్చీలో వెనక్కి వాలాడు. డ్రయ్యరు వేడి వీపును తాకుతోంది. కిటికీ అద్దం మీద మంచు ఇంకొంచెం పెరిగింది. వెలుతురు మరీ తెల్లగా, మెత్తగా ఉంది, పత్తి విచ్చిన చేనులాగా. ఆ తెలుపులోంచి ఒక కొంగ వచ్చింది. దాని వెనక పొట్టేలు. తరువాత కంచరగాడిద, చెవులు ఆడిస్తూ. అది ఇంకా కోపంగానే ఉందేమోనని ఎల్వుడ్ భయపడ్డాడు. లేదు. దగ్గరికి వచ్చి అతని అరచేతిలో వెచ్చగా ఊపిరి వదిలింది. ఈసారి దాని పేరు సరిగ్గానే గుర్తుంది. పిలిచాడు.

రోలండ్ రెండు కప్పుల కాఫీతో దిగేసరికి డొలోరెస్ పెదవుల మీద వేలు పెట్టింది.

"పడుకున్నాడు," అంది గుసగుసగా. "ఇన్నేళ్లలో పగలు కన్ను మూయడం చూడలేదు."

"పడుకోనీ, మిస్ డొలోరెస్. లేపకండి."

అతను ఒక కప్పు ఆమెకిచ్చాడు. రెండోది తనే నిలబడి తాగాడు. తరువాత తన కోటు విప్పి, ముసలాయన గడ్డం దాకా కప్పి, అంచులు భుజాల వెనక్కి దోపాడు. చొక్కాతోనే మంచులోకి పోవాలి. అయినా ఆలోచించలేదు. చప్పుడు కాకుండా మెట్లెక్కడానికి కుంటికాలిని రెండు చేతులతో ఎత్తి ఒక్కో మెట్టు మీద పెట్టుకుంటూ వెళ్లాడు.

ఒంటిగంటన్నరకు ఆఖరి డ్రయ్యరు ఆగింది. చప్పుడు ఆగిందంటే ఎల్వుడ్ ఎంత పనిలో ఉన్నా తల ఎత్తుతాడు. డొలోరెస్ కుడుతూనే అతని మాటకోసం చూసింది. మాట రాలేదు. ఆమె దారం కొరికి, లేచి వెళ్లి, అతని చేయి పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే నిలబడింది.

డాక్టరు వచ్చాడు. ఇద్దరు మనుషులు తెల్లటి దుప్పటి కప్పి అతన్ని తీసుకుపోయారు. అల్మరాల మధ్యనుంచి తీసుకుపోతుంటే ఓడెగార్డ్ వట్టి కాళ్లతో పరిగెత్తుకొచ్చి తలుపు పట్టుకున్నాడు. కాసేపటికి డొలోరెస్ దీపాలు ఆర్పింది.

మసక వెలుతురులో, కుర్చీ మీద గోధుమరంగు కోటు ఉండిపోయింది. మోచేతుల మడతల్లో పిండి తెల్లగా పేరుకుని ఉంది. ఒక జేబు బయటికి తిరగబడింది. భుజాలు ఇంకా ఎవరినో కప్పుకుని ఉన్నట్టు ముందుకు వంగి ఉన్నాయి.