ఎండలో వీధిదీపాలు

“పోలీసులకు చెప్పండ్రా!” పంచాయతీ ప్రెసిడెంటు ఆదెప్ప అరిచాడు. కిరసనాయిలు డబ్బాతో ఊరు దాటుతున్న దీపాల తిప్పన్నను నలుగురు పట్టుకున్నారు.

పెనుకొండ దగ్గరి రెండు ఊళ్లను ఒకే పంచాయతీగా కలిపి, ఖర్చు తగ్గుతుందని వీధిదీపాలు ముట్టించే ఇద్దరిలో ఒకణ్ణి తీసేశారు. అయినా నూనె వాడకం పెరిగింది; తిప్పన్నే దొంగిలిస్తున్నాడని ఆదెప్ప అనుమానం.

“ఏమప్పా ఆదెప్పా, ముందు మా వీధి చూడు,” అంది అరుగు మీద కూర్చున్న సిద్ధమ్మవ్వ.

సాయంత్రం నాలుగైంది. ఎండలోనే దీపాలన్నీ వెలుగుతున్నాయి.

“ఆ ఊరు మూడు మైళ్లుండాది సామీ. ఈడ ఇప్పుడే ముట్టిస్తేనే చీకటిపడేలోగా ఆడ ముట్టించేది,” అన్నాడు తిప్పన్న.

ఆదెప్ప అతని చెయ్యి విడిపించాడు. తిప్పన్న హమ్మయ్యా అని అరుగు మీద కూలబడ్డాడు.

“దొంగ దొరికినాడా?” అవ్వ వదల్లేదు.

“దొరికినాడవ్వా,” అన్నాడు ఆదెప్ప. “రెండూళ్లకు ఒక మనిషి చాలని సంతకం పెట్టిన ఈ ఆదెప్పే.”