గొట్టంలోంచి తీసిన రక్తం

...నిద్రపోతుంటే పాదాన్ని దారంతో కొలిచాడేమో, లేకపోతే అడక్కుండానే సరిగ్గా సరిపోయే చెప్పులు ఎలా తెస్తాడు, పెళ్ళయి ఇరవై రెండు రోజులు, మొగుడు అని మనసులో అనుకున్నా నవ్వు ఆగదు, అని డయాలిసిస్ నర్సు పెదవి బిగబట్టి మూడో మంచం మీది పెద్దాయనకు దుప్పటి సర్దుతుండగా, పెద్ద సిస్టర్ రిపోర్టు పట్టుకుని వచ్చి, పెద్దాయన రక్తం అస్సలు గడ్డకట్టడం లేదట, డయాలిసిస్ కోసం చేయాల్సిన చేతి ఆపరేషన్ ఇవాళ లేదన్నారు, ముందు రక్తం గడ్డకట్టేలా ప్లాస్మా ఎక్కించాలట అంది, నవ్వు ఎక్కడిదక్కడే చచ్చిపోయింది, నిన్న ఆ రక్తం తీసింది తనే, చేతికి సూది గుచ్చి తీయాల్సింది, ఆ చేతుల్లో నరం దొరకాలంటే దేవుడు దిగిరావాలి, అప్పుడే కింద గేటు దగ్గర మొగుడి బండి హారన్ రెండుసార్లు మోగింది, అది తనకోసమే, ఇంకేముంది, మెడ దగ్గరి డయాలిసిస్ గొట్టంలోంచి లాగేసింది, లోపల గడ్డలు కట్టకుండా హెపారిన్ మందు నింపి ఉంచే గొట్టమది, అందులోంచి తీసిన రక్తం ఏ పరీక్షలో గడ్డకడుతుంది, ఇదంతా చదివిందే, రాసి మార్కులు తెచ్చుకుందే.

సూది లేకుండా తీశావు, నీ చెయ్యి చల్లగా ఉండాలి తల్లీ అన్నాడు నిన్న పెద్దాయన, ఆ దీవెనను బండి వెనక కూర్చుని మొగుడికి గొప్పగా చెప్పుకుంది కూడా, చూశావా నా పనితనం అని, ఇప్పుడు చెవుల దాకా మంట, అయినా ఒక దారి ఉంది, రిపోర్టు అనుమానంగా ఉంది సిస్టర్, మళ్ళీ తీద్దాం అంటే చాలు, గుట్టుచప్పుడు కాకుండా గడిచిపోతుంది, ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

ఆపరేషన్ కోసం పొద్దుటి నుంచి మంచినీళ్ళయినా ముట్టని పెద్దాయన, పక్కనే కూర్చున్న భార్య వైపు తిరిగి, నా రక్తానికి కూడా రిటైర్మెంట్ ఇచ్చేశారే అన్నాడు, ఆవిడ నవ్వలేదు, మాత్రలు సరిగ్గా వేసుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను, వింటేగా అంది, వేసుకున్నానే, నీ మీద ఒట్టు అన్నాడు, ఆమె మొహం చూసి గొంతు తగ్గించి, ఏమో, ఎప్పుడైనా మర్చిపోయానేమోలే, నావల్ల నీకు ఎన్ని తిప్పలో అంటూ తల దించుకున్నాడు, చేయని తప్పు ఒప్పుకుంటున్నాడు, అయ్యో, ఈ సిగ్గు నాది కదా, ఈయన మోస్తున్నాడేంటి, గుట్టుగా మళ్ళీ తీస్తే ఆపరేషన్ జరుగుతుందేమో గాని ఆ తల మాత్రం వంగే ఉంటుంది, ఎత్తగలిగేది తానొక్కతే అని తెలిసేసరికి వార్డంతా వినేలా, ప్లాస్మా ఆపండి సిస్టర్, బాబాయ్ గారూ, మీరు ఏదీ మర్చిపోలేదు, ఇంటికెళ్ళే తొందరలో నేనే గొట్టంలోంచి తీశాను అనేసింది.